నడవలేని బాతులు సారమ్మవి

నేను డాక్టర్ని కాను. ఈ మాట సారమ్మకు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. రేపల్లె దగ్గర ఒక ఊళ్లో పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. పేరు ఝాన్సీ. గేదెలకు సూదులు వేస్తాను, కోడిపిల్లల కంట్లో చుక్కల మందు వేస్తాను, మేకలకు నట్టల మందు తాగిస్తాను. డాక్టరు గారికి మూడు ఊళ్లు అప్పగించారు కాబట్టి ఆయన వారానికి ఒకరోజు వస్తారు. మిగతా రోజులు ఆ గదికి నేనే దిక్కు. పొద్దున్నే తెనాలిలో పాసింజరు ఎక్కి, రేపల్లెలో దిగి, అక్కడినుంచి ఆటోలో వేలాడుతూ వచ్చేసరికి నా మొహం చూసి గేదెలు జడుసుకుంటాయని మా అటెండరు అంటుంటాడు. నాకు కోపం తొందరగా వస్తుంది. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఆ కోపానికి కూడా వాటా ఉంది కనుక ముందే ఒప్పుకుంటున్నాను.

సారమ్మ మొదటిసారి మా గదికి వచ్చినప్పుడు నెత్తిన గంప ఉంది. గంపలో ఒంటికాలి బాతు ఉంది. మా వైపు రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా నైలాన్ దారాలు కడతారు. ఆ దారం చుట్టుకుని, రోజురోజుకీ బిగిసి, చివరికి కాలే ఊడిపోయింది. మిగిలిన చోట పుండు పడింది. చూడగానే నాకు విసుగొచ్చింది.

"ఇది కూరకు తప్ప దేనికీ పనికిరాదు మామ్మా," అన్నాను.

"కూర చేసుకునేవాళ్లు ఎప్పుడైనా చేసుకుంటారు లేమ్మా. నేను నీ దగ్గరికొచ్చింది పుండుకు మందు కోసం," అంది.

డెబ్బై ఏళ్ల మనిషి నెమ్మదిగానే చురక వేసింది. మందు రాసి కట్టు కట్టాను. రెండు వారాల తర్వాత ఆ బాతు చనిపోయింది. చనిపోయిందని చెప్పడానికి మళ్లీ అంత దూరం నడిచి వచ్చింది. "నువ్వు మందిచ్చావు గదా డాక్టరమ్మా, నీకు చెప్పాలి గదా," అంది. నా ఉద్యోగంలో పశువు పోయిందని తిట్టడానికి వచ్చినవాళ్లున్నారు కానీ, ఊరికే చెప్పి పోదామని వచ్చిన మనిషిని అదే మొదటిసారి చూడడం. అప్పటినుంచి వాళ్ల పేట వైపు వెళ్లినప్పుడల్లా సారమ్మ గుమ్మంలో ఆగేదాన్ని.

ఆమె చుండూరు వైపు కూలి కుటుంబంలో పుట్టింది. పదహారో ఏట మత్తయితో పెళ్లయింది. మత్తయికి బాతుల మంద ఉండేది. కోతలు అయ్యాక మందను తోలుకుని రేపల్లె నుంచి తెనాలి, చుండూరు మీదుగా బాపట్ల దాకా నడిచేవాళ్లు. దారి తిన్నగా ఉండదు. మినుము చల్లిన చేలో బాతు దిగితే రైతు ఊరుకోడు. కాబట్టి మినుము చల్లని మళ్లు, మురుగు కాలువలు, నీళ్లు నిలిచిన గుంటలు వెతుక్కుంటూ ఎటు మేత ఉంటే అటు తిరగాలి. మగవాళ్లు పొడుగాటి గెడకర్రలతో మందకు ముందొకరు వెనకొకరు నడిస్తే, ఆడవాళ్లు వంటసామాను గంపలో పెట్టుకుని నెత్తిన మోసేవాళ్లు.

అన్ని మందల్లోనూ ప్రతి ఏడాదీ కొన్ని పిల్లలు వెనకబడతాయి. ఒకదానికి కాలు బెణుకుతుంది, ఒకటి నీరసిస్తుంది, ఒకటి పుట్టడమే వంకర పాదంతో పుడుతుంది. మంద వాటికోసం ఆగదు. వాటిని గట్టు మీద వదిలేస్తే కుక్కలో కాకులో చూసుకుంటాయి. సారమ్మ పెళ్లయిన మొదటి ఏడు అట్లా వదిలేసిన నాలుగు పిల్లల్ని ఏరి, గంపలో అన్నం గిన్నె పక్కన కూర్చోబెట్టుకుంది. మత్తయి చూశాడు. తిట్టలేదు.

"నువ్వు మోస్తే నీవి. నడిచాయా, మందవి," అన్నాడట.

ఆ మాటే వాళ్లింట్లో పద్ధతి అయిపోయింది. నడవగలిగిన పిల్ల మందకు చెందుతుంది, నడవలేనిది సారమ్మకు చెందుతుంది. బాపట్ల వైపు మందలవాళ్లు కూడా కుంటి పిల్ల కనబడితే పారెయ్యకుండా సారమ్మ గంప కోసం ఎదురుచూసేవాళ్లని ఆమె చెప్పుకునేది. చెప్పేటప్పుడు ఆ ముడతల మొహంలో కొంచెం గర్వం కనబడేది. ఉండాలి కూడా. నా సర్టిఫికెట్లు గోడకు తగిలించుకుని నేను పడే గర్వం కంటే అది ఎక్కువ న్యాయమైనది.

కుంటి బాతును పెంచడమంటే మాటలు కాదు. నున్నటి నేల మీద ఉంచితే ఉన్న కాళ్లు కూడా పక్కలకు జారిపోతాయి కనుక ఎండుగడ్డి పరవాలి, తడిసినప్పుడల్లా మార్చాలి. ఎప్పుడూ కూర్చునే ఉంటాయి కాబట్టి రొమ్ము దగ్గర ఒరుసుకుపోతుంది. అక్కడ పసుపు కలిపిన కొబ్బరినూనె రాయాలి. సాయంత్రం గంపలో వేసుకుని కాలువకు తీసుకెళ్లాలి. సారమ్మకు ఆ వేళంటే ప్రాణం. "నీళ్లలో వేశాక కుంటిదేదో మంచిదేదో నువ్వు చెప్పలేవమ్మా," అనేది. నిజమే. నీళ్లలో అవి కూడా మిగతా బాతుల్లాగే మెడ నిక్కించుకుని తిరిగేవి.

నాలుగేళ్ల క్రితం మత్తయి పోయాడు. సారమ్మ మోకాళ్లు కూడా ఆ ఏడే మొరాయించాయి. మంద మత్తయి తమ్ముడి కొడుకు రాజీవ్ చేతికి వెళ్లింది. రాజీవ్ మంచివాడే. పెద్దమ్మకు బియ్యం తెచ్చి పడేస్తాడు, నడవలేని పిల్లల్ని మరిచిపోకుండా తెచ్చి అప్పగిస్తాడు, వాటిలో ఏదన్నా నడిస్తే వచ్చి పట్టుకుపోతాడు. బాపట్లలో ఒకరు, చుండూరులో ఒకరు కూతుళ్లున్నారు. ఇద్దరూ రమ్మంటారు. "వెళితే కుర్చీ వేసి కూర్చోబెడతారమ్మా. కూర్చుని ఏం చెయ్యను?" అనేది. జన్మంతా నడిచిన మనిషికి ఇప్పుడు ఆ కుంటి బాతులే మంద.

పోయిన డిసెంబరులో రాజీవ్ పదకొండు పిల్లల్ని తెచ్చి వదిలాడు. పది పన్నెండు రోజుల తర్వాత నేను చూశాను. గడ్డి మీద వదిలితే రెండడుగులు వేసి కూలబడుతున్నాయి. కాళ్లు దొడ్డికాళ్లలా బయటికి వంగుతున్నాయి. ఒకటి రెండైతే పుట్టువంకర అనుకోవచ్చు, పదకొండూ అదే తీరు.

"వీటికేం పెడుతున్నావు మామ్మా?" అని అడిగాను.

"అన్నమేనమ్మా. సన్నబియ్యం." సారమ్మ మొహం వెలిగింది. "కోటా బియ్యం నేను తింటా. రాజీవ్ తెచ్చిన సన్నబియ్యం వీటికి వండి, గంజి వార్చి, మెత్తగా పిసికి పెడతా. ముందు నుంచీ అంతే. గంపలో ఉన్నప్పుడు కూడా మా గిన్నెలో అన్నమే పెట్టేదాన్ని."

"తవుడు పెట్టవా?"

"అది గొడ్లు తినేది గదమ్మా. అసలే నడవలేని పిల్లలు. వాటికి తవుడు పెట్టడానికి నాకు చేతులెట్లా వస్తాయి?"

అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆ మధ్యే శిక్షణ తరగతిలో విన్న సంగతి. కొత్తగా నేర్చుకున్న చదువు ఎక్కడ ఒలకబోద్దామా అని ఉన్నాను, చోటు దొరికింది.

"బాతుపిల్లకి కాళ్లు గట్టిపడాలంటే ఒక విటమిన్ కావాలి మామ్మా. అది తవుడులో ఉంటుంది, నత్తల్లో ఉంటుంది. తెల్లన్నంలో ఉండదు. కోడిపిల్లయితే ఎట్లాగో నెట్టుకొస్తుంది, బాతుపిల్ల నెట్టుకురాలేదు. మందలో తిరిగేవి నత్తలు తిని బాగున్నాయి. నీ దగ్గరకొచ్చినవి బెణికో నీరసించో వెనకబడ్డవి, అంతే. కాళ్లు వంచింది మాత్రం నువ్వు పెట్టే అన్నమే."

క్లాసులో పాఠం చెప్పినట్టు గడగడా చెప్పేశాను. సారమ్మ కుడిచేతికి ఇంకా మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"ముందటివి కూడానా?" అంది.

"మరి? నలభై యాభై ఏళ్లుగా అదే పెడుతుంటే అన్నీ అంతే కదా."

కొన్ని అని ఉంటే నా సొమ్మేం పోయేది? వంకర పాదంతో పుట్టినవి ఉన్నాయి, కాలు తెగినవి ఉన్నాయి. అన్నీ అనడం అబద్ధం కూడా. కానీ ఆ నిమిషం నాకు నా పాఠమే ముఖ్యం. సారమ్మ లేచి, బిందె దగ్గరికి వెళ్లి, చెయ్యి కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"తవుడు ఎక్కడ దొరుకుద్దమ్మా?" అని అడిగింది.

ఆ మర్నాడే మిల్లుకు వెళ్లి తవుడు తెచ్చుకుంది. నేను విటమిన్ మందు ఇచ్చాను. ఆ మోకాళ్లతోనే కాలువ గట్టు దిగి నత్తలు ఏరుకొచ్చి, రాతి మీద చితక్కొట్టి తవుడులో కలిపింది. ఎనిమిదో రోజు నేను వెళ్లేసరికి పిల్లలు దాదాపు అన్నీ వాకిట్లో పరుగెడుతున్నాయి. నేనేదో ఘనకార్యం చేసినట్టు ఫోన్లో వీడియో తీసి మా ఆఫీసు గ్రూపులో పెట్టాను. సారమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. సంతోషం అనుకున్నాను.

"పెళ్లైన ఏడు నాలుగు పిల్లల్ని గంపలో వేసుకున్నానమ్మా. తవుడు పెట్టుంటే అవి కూడా ఇట్లానే పరిగెత్తేవి గదా," అంది.

ఏదో సర్దిచెప్పాను. ఏం సర్దిచెప్పానో గుర్తులేదు, అంటే అందులో పస లేదన్నమాట.

"రాజీవ్ ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక వస్తాడంట. బాపట్ల వైపు తోలుకెళ్తున్నాడు," అంది మళ్లీ తనే. "అన్నీ నడుస్తయ్యంటావా అప్పటికి?"

"అన్నీ నడుస్తాయి. నీ దగ్గర ఒక్కటి మిగిలితే నా పేరు మార్చుకుంటాను," అన్నాను గొప్పగా.

సారమ్మ నవ్వలేదు. నేను పట్టించుకోలేదు. ఆ పదకొండూ వెళ్లిపోతే ఆ ఇంట్లో మరో ప్రాణి ఉండదన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు.

మరుసటి వారం వెళ్లేసరికి వాకిలి ఖాళీగా ఉంది. పది పిల్లలు వెళ్లిపోయాయి. గంపలో ఒకటే ఉంది. బూడిదరంగు పిల్ల, మెడ కింద పసుప్పచ్చ మచ్చ. నిలబెడితే పక్కకు ఒరిగిపోయింది.

"ఇది నడవలేదమ్మా. నీదే పెద్దమ్మా అని వదిలేసి పోయాడు," అంది సారమ్మ, గంపలోకి చూస్తూ.

నా ఉత్సాహమంతా నీరుగారింది. పేరు మార్చుకోవాల్సి వచ్చిందన్న ఉక్రోషం కొంత, ఎందుకు తగ్గలేదన్న అనుమానం కొంత. మందు మోతాదు పెంచాను. మంచి తవుడు ఒక బస్తా మిల్లు నుంచి నేనే పంపించాను. ప్రతి వారం వెళ్లి కాళ్లు పట్టి చూసేదాన్ని. పిల్ల ఒళ్లు చేస్తోంది, రెక్కలు వస్తున్నాయి, కాళ్లు మాత్రం అంతకంతకూ వంగుతున్నాయి. మిల్లువాడు పాత తవుడు అంటగట్టాడేమోనని వాడికి ఫోన్ చేసి దులిపేశాను. పాపం, ఆ మనిషి తప్పేమీ లేదు.

నేను ఎప్పుడూ పొద్దున పది గంటల వేళ వెళ్తాను. ఫిబ్రవరిలో ఒకరోజు పక్క ఊళ్లో గేదె ఈనడం ఆలస్యమై, మధ్యాహ్నం భోజనాల వేళ ఆ దారిన వచ్చాను. తలుపు తీసే ఉంది. సారమ్మ పీట మీద కూర్చుని అన్నం తింటోంది. బాతుపిల్ల ఆమె ఒళ్లో ఉంది. తన కంచంలోంచి తెల్లటి అన్నం తీసి, పాలు చిలకరించి, వేళ్లతో మెదిపి దాని నోటికి అందిస్తోంది. మూలన నేను పంపిన తవుడు బస్తా మూతి కుట్టు కూడా విప్పకుండా ఉంది, పక్కనే నేనిచ్చిన మందు సీసా నిండుగా ఉంది.

"ఏంటి మామ్మా ఇది?" అన్నాను.

ఉలిక్కిపడలేదు. దాచుకోలేదు. చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"పది పిల్లలకీ తవుడు పెట్టానమ్మా. నత్తలు కొట్టి పెట్టా. పదింటినీ పంపించేశా. ఒక్కదాన్ని ఉంచుకున్నా."

"ఉంచుకోవడానికి కాళ్లు విరగ్గొడతావా?"

"నడిస్తే తీసుకుపోతాడు గదమ్మా."

"ఒక్క బాతును నాకు వదిలెయ్యమంటే రాజీవ్ కాదంటాడా?"

"ఏ మొహంతో అడగను? నడిచేది మందదని మా ఆయన చెప్పిన మాట. ఆ మాట మీదే గదా ఇన్నాళ్లూ నాకు పిల్లల్నిచ్చారు," అంది సారమ్మ. "అయినా, అడిగి తీసుకుంటే మాత్రం? నడవగలిగింది నా దగ్గరెందుకు ఉండిద్దమ్మా? గట్టు మీద మంద కనపడితే దాని దారిన అది పోయిద్ది."

అప్పుడన్నా నేను పీట లాక్కుని ఆమె పక్కన కూర్చుని ఉండాల్సింది. కూర్చోలేదు. నన్ను నెలరోజులు వెర్రిదాన్ని చేసిందన్న మంట ఒకటి, ఆ పిల్ల కాళ్లు చూస్తే కలిగిన బాధ ఒకటి. "తెలియక చేసింది వేరు, తెలిసి చేసింది వేరు. కుక్కలకు వదిలేసేవాళ్లే నీకన్నా నయం," అని అరిచి వచ్చేశాను. అంత మాట నేను మా ఇంట్లో పిల్లల్ని కూడా అనలేదు. కోపం సాయంత్రానికే పోయింది. అయినా రెండు వారాలు ఆ పేట వైపు వెళ్లలేదు. దాన్ని పనుల ఒత్తిడి అనుకున్నాను కానీ, అది నా అహం.

పదిహేనో రోజు ఆమే వచ్చింది. మార్చి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నెత్తిన గంప. ఆసుపత్రి మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. గంప దింపబోతుంటే నేను వెళ్లి అందుకున్నాను. ఇద్దరం ఆ రోజు సంగతి ఎత్తలేదు.

"పద్నాలుగు రోజులు తవుడే పెట్టానమ్మా," అంది రొప్పుతూ. "బస్తా విప్పా. నత్తలు కూడా పెట్టా, నీ మందు పోశా. ఒక్క మెతుకు ముట్టనీలేదు. దాని ముందు నేను కూడా అన్నం తినలేదు. మా రాజీవ్ మంద చుండూరు దగ్గరకు తిరిగొచ్చిందంట. బస్సెక్కి తీసుకెళ్లి కలిపేస్తా. నువ్వు చూసి చెప్పమ్మా, ఇంకెన్నాళ్లకు నడిచిద్ది?"

పిల్లను బల్ల మీద పెట్టాను. ఇక పిల్ల కాదు, పెరిగిన బాతు. రెండు కాళ్లూ పట్టి చూశాను. కీళ్లు వంకరగానే ముదిరిపోయాయి. ఎముక గట్టిపడింది. నరం కీలు మీదనుంచి పక్కకు జారిపోయింది. మొదటి నెలలో ఐతే తవుడు నిలబెట్టేది. ఇప్పుడు బస్తాలకు బస్తాలు పెట్టినా లాభం లేదు. తెలిసినా మళ్లీ ఒకసారి పట్టి చూశాను, ఏమన్నా ఆశ దొరుకుతుందేమోనని.

సారమ్మ బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నా మొహమే చూస్తోంది.

"ఇది ఇక నడవదు మామ్మా," అన్నాను.

చూపు తిప్పలేదు. ఆ చూపు భరించలేక, డిసెంబరులో నాకు చేతకాని పని అప్పుడు చేద్దామనుకున్నాను. "నీ తప్పేం కాదు. ఇది పుట్టడమే ఇట్లా పుట్టి ఉంటుంది. కొన్ని పుడతాయి. తవుడు పెట్టినా నడిచేది కాదు," అన్నాను. ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పాను.

సారమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా. అన్నింటికన్నా ముందు నిలబడింది ఇదే. వాకిట్లో పది పిల్లలూ ఒకదాన్నొకటి తరుముకుంటుంటే, ఇది వాటితో పోకుండా నా కాళ్లెంట పడి పొయ్యి దాకా వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే నా చీర కుచ్చిళ్ల దగ్గర నిలబడి ఉంది. అన్నం ఆ పూటే పెట్టానమ్మా."

బాతు బల్ల మీద నుంచి మెడ సాచి సారమ్మ చెయ్యి వెతుక్కుంటోంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపటికి మళ్లీ ముందుకు పెట్టింది.

"బాతు ఎన్నేళ్లు బతికిద్ది డాక్టరమ్మా?" అని అడిగింది.

"బాగా చూసుకుంటే ఎనిమిదేళ్లు. పదేళ్లు కూడా బతుకుతుంది."

"పదేళ్లు," అంది సారమ్మ. దాన్ని గంపలో పెట్టి, రెక్కలు నలగకుండా సర్ది, గంప ఎత్తమని నాకు సైగ చేసింది. "అన్నేళ్లూ ఇది నన్ను నమ్ముకునే ఉండిద్దమ్మా."

గంప ఆమె నెత్తికి ఎత్తాను. మెట్ల దాకా చెయ్యి పట్టుకుని దింపాను. ఎండలో ఇంటి వైపు నడిచిపోయింది.